జెండా పండుగ సెలవు సరే, కూలి ఎవరిస్తరు?

(గోపన్‌పల్లిలో జరిగిన కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ 2న జెండా కాడికి రమ్మని మేము బస్తీల తిరుగుతుంటే, ఐటీ ఆఫీసుల ఊడ్చే ఒక అక్క అడిగింది. "వస్తం గని, ఆ రోజు హాజరు పడతదా?" మా దగ్గర జవాబు లేదు. మా కరపత్రంల అమరవీరుల త్యాగం ఉన్నది, ఆమె కూలి ముచ్చట లేదు.

గోపన్‌పల్లి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. లోపల కంప్యూటర్ ముందు కూసున్నోళ్లకు సెలవొస్తే జీతం కోత పడదు. అదే మేడ గేటు కాడ నిలబడ్డ సెక్యూరిటీ తమ్మునికి, బాత్రూంలు కడిగే అక్కకు, క్యాంటీన్‌ల గిన్నెలు తోమే అవ్వకు, పక్కన బిల్డింగు కడుతున్న పాలమూరు కూలికి మస్టర్ పడితేనే పైసలు. అందుకే "సెలవొద్దు సారూ, డ్యూటీ ఇయ్యండి" అంటరు. పండుగ మీద ప్రేమ లేక కాదు, నెలాఖరుకు కిరాయి కట్టాలె గనుక.

ఇది ఎవరి దయ అడగటం కాదు. ఉమ్మడి రాష్ట్రంల 1974లోనే జాతీయ, పండుగ సెలవుల చట్టం వచ్చింది. జనవరి 26న, ఆగస్టు 15న కార్మికునికి వేతనంతో సెలవియ్యాలన్నది. ఆ రోజు పని చేయించుకుంటే రెండింతల కూలి ఇయ్యాలె, లేదంటే ఆ రోజు కూలితోపాటు ఇంకో రోజు వేతనంతో సెలవియ్యాలె. జూన్ 2కు కూడా ఇదే లెక్క నడవాలన్నది మా డిమాండ్. మన రాష్ట్రం పుట్టినరోజు మన కూలి పోగొట్టుకునే రోజు కావొద్దు.

కాంట్రాక్టర్‌ను అడిగితే "కంపెనీ నాకు హాజరును బట్టే బిల్లిస్తది, నేనేడికెల్లి తేవాలె" అంటడు. చిన్న కాంట్రాక్టర్ల గోసల కొంత నిజమున్నది, కాదనం. కని కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. దాని జాగల వచ్చిన 2020 కోడ్‌లనూ ఆ మాట ఉన్నది. సెలవు రోజుల కూలిని ముందే కలిపి రేటు ఒప్పుకుంటే అయిపోయేదానికి ఇంత కిరికిరి ఎందుకు?

ఇక మన ఇంటి సంగతి. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఉద్యోగుల సమ్మె కాలాన్ని రాష్ట్రం వచ్చినంక సెలవు కింద లెక్కగట్టినరు. న్యాయమే, మేమూ అడిగినం. ఆ రోజుల్లనే అడ్డా మీద పని దొరకక వాపసు పోయిన కూలి లెక్క ఏ రిజిస్టర్లనూ లేదు. మా ఉద్యోగ సోదరులకు ఈ మాట గుచ్చుకుంటే గుచ్చుకోనీ. జీతంతో సెలవు తీసుకొని జెండా ఎగరేసేటోళ్లం, ఆ పక్కనే చీపురు పట్టుకున్న మనిషి కోసం కూడా సంఘం తరఫున ఒక కాయితం రాయలేమా?

వచ్చే ఆదివారం మళ్లీ ఇక్కడే కూసుందం. పోయిన ఆగస్టు నెల జీతం చిట్టీ తీసుకొని రాండ్రి. చిట్టీ లేనోళ్లు ఫోన్‌ల బ్యాంకు మెసేజీ చూపెట్టుండ్రి. పదిహేనో తారీఖు కూలి పడ్డదా లేదా ఒక్కొక్కరిది రాసుకొని, ఆ లిస్టుతోనే లేబర్ ఆఫీసుకు పోదం.