చిన్న రైలుకి సరిపోయిన కొలత



ఇవాళ్టి ప్రసంగం దేని గురించో వినగానే మీలో కొందరు నవ్వుకోవచ్చు. బొమ్మ రైళ్ల గురించి. కొంచెం మర్యాదగా చెప్పాలంటే నమూనా రైళ్ల గురించి, అంటే మోడల్ రైల్వే అని పేరున్న వ్యాపకం గురించి. పగలు బడిలో లెక్కలు చెప్పుకుని, రాత్రి భోజనాలయ్యాక గది మూలన బల్ల మీద పట్టాలు పరుచుకునేవాళ్లు మన దేశంలో కొద్దిమందే ఉన్నారు. ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి.

ఇంటికి వచ్చినవాళ్లు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "ఇది పిల్లల కోసమా మాస్టారూ?" రెండోది, "ఎంతయింది?" మూడో పని మాత్రం అడక్కుండానే చేస్తారు. ఇంజను నడుం పట్టుకుని పైకెత్తి, కింద చక్రాలు తిరుగుతున్నాయో లేదో వేలితో తిప్పి చూస్తారు. చేతి జిడ్డు చక్రానికి అంటుకుందంటే పట్టాల నుంచి కరెంటు సరిగా అందదు. బండి రెండడుగులు వేసి ఆగిపోతుంది. అప్పుడు వాళ్లే, "అయ్యో, పాడైపోయినట్టుందే" అంటారు. నా చికాకుల జాబితాలో ఇది మొదటిది. అయితే చికాకుల కోసమే ఈ ప్రసంగం కాదు. ముందు అసలు విషయం మనవి చేస్తాను.

బొమ్మకీ నమూనాకీ తేడా ఏమిటి? ఒక్కటే మాట. కొలత. బొమ్మ రైలు రైలులా ఉంటే చాలు. నమూనా రైలు మాత్రం ఒక ఫలానా రైలు అయి ఉండాలి, దాని ప్రతి భాగమూ ఒకే నిష్పత్తిలో తగ్గి ఉండాలి. జర్మనీలో మార్‌క్లిన్ అనే కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పుకి నిర్ణీతమైన కొలతలు పెట్టి రైళ్లు అమ్మకానికి తెచ్చింది. ఇవాళ కొన్న పట్టాల మీద రేపు కొన్న బండి నడవాలంటే అలాంటి ఏర్పాటు ఉండాల్సిందే. ఈనాడు ఎక్కువమంది వాడే కొలత పేరు హెచ్‌వో. అసలు వస్తువులో 87వ వంతు అన్నమాట. మనం ఎన్నో ఏళ్లు ఎక్కి తిరిగిన నీలిరంగు రైలు పెట్టె పొడవు సుమారు 21 మీటర్లు. హెచ్‌వో కొలతలో అది 24 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, వేలి కణుపంత ఉంటాడు.

ఆరో తరగతి, ఏడో తరగతి పుస్తకాల్లో నిష్పత్తి, అనుపాతం అని పాఠం ఉంటుంది కదా. పిల్లలకు అది మామిడిపళ్లతోనూ కూలీలతోనూ చెబుతాం. ఒకసారి రైలుతో చెప్పి చూడండి. కర్ణాటకలో హుబ్బళ్లి స్టేషనులో 2023లో ప్రారంభించిన ప్లాట్‌ఫారం పొడవు 1,507 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 17 మీటర్ల పైన వస్తుంది. ఒక్క ప్లాట్‌ఫారం పెట్టడానికే మన బడి వరండా సరిపోదు! అలాగే పెద్ద లైను మీద వంపు ఎంత బిగువుగా ఉన్నా దాని వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదని నియమం. ఆ వంపు నమూనాలో రెండు మీటర్ల వ్యాసార్ధం అవుతుంది. రైలు వెనక్కి తిరిగి రావాలంటే నాలుగు మీటర్ల వెడల్పు గది కావాలి. కాని అమ్మే సామగ్రిలో వంపులు చాలావరకు అందులో నాలుగో వంతైనా ఉండవు. ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద తిప్పితే, ఇంజను గార్డు పెట్టెను తరుముతున్నట్టుంటుంది. పాము తన తోకను తానే మింగబోయినట్టు!

వేగం సంగతి ఇంకా చిత్రం. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు 19 సెంటీమీటర్లు మాత్రమే. మనవాళ్లు మీట పూర్తిగా తిప్పి, సెకనుకు మీటరు చొప్పున గూడ్సు బండిని పరిగెత్తిస్తారు. లెక్క కడితే ఆ బొగ్గు వ్యాగన్లు గంటకు 300 కిలోమీటర్లు దాటిపోతున్నాయి. నెమ్మదిగా నడపండి అంటే, "మజా ఏముంది సార్?" అంటారు. రైలు అందం బయలుదేరడంలోనూ ఆగడంలోనూ ఉందని నా అభిప్రాయం. మధ్యలో పరుగు ఎవరైనా తీయిస్తారు.

ఇంకొక చికాకు మన పెద్ద లైనుది. మన బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. యూరప్‌లో ఎక్కువ దేశాల్లో అది 1,435. బజారులో దొరికే హెచ్‌వో పట్టాలు వాళ్ల కొలతకు చేసినవి, 16.5 మిల్లీమీటర్లు. మనకు కావలసింది 19 పైన. అసలు రైలు దగ్గర 24 సెంటీమీటర్ల తేడా అది. ఆ పట్టాల మీద మన ఇంజను నిలబడితే, నిండు మనిషి చంటిపిల్లాడి చెప్పుల్లో కాళ్లు దూర్చినట్టుంటుంది. చూసేవాళ్లకు తెలియదు. తెలిసినవాడికి నిద్రపట్టదు.

మరి సరిగ్గా సరిపోయేది ఏదైనా ఉందా? ఉంది. మన ప్రాంతపు శ్రోతలకు నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది అదే.

నౌపడ నుంచి గుణుపురం వరకు నడిచిన చిన్న రైలు మీలో నడివయసు దాటిన చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. దాని పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగించండి. 8.76 వస్తుంది. ఇంకా చిన్న రైళ్ల కోసం తయారుచేసే 9 మిల్లీమీటర్ల పట్టాలు బజారులో దొరుకుతాయి. తేడా పావు మిల్లీమీటరు. దేశాన్నంతా మోసే పెద్ద రైలుకి సరిపోని బజారు కొలత, మన ఊళ్ల మధ్య తిరిగిన చిన్న రైలుకి చక్కగా అమరింది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ లైను చరిత్ర క్లుప్తంగా చెబుతాను. పర్లాకిమిడి సంస్థానం వారు వేయించిన లైను అది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 1900లో మొదలైంది. గుణుపురం దాకా 1931లో చేరింది. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. అప్పటికి ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. 1936లో ఒడిశా వేరుపడ్డాక నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం అటు అయ్యాయి. సరిహద్దు గీత వచ్చి పట్టాలను అడ్డంగా దాటింది గాని రైలు ఆగలేదు. నౌపడ ఉప్పు దగ్గర ఎక్కినవాడు తెలుగులో బేరమాడి, ఒడియాలో బస్తా దించుకునేవాడు. 2004లో చిన్న రైలు ఆగిపోయింది. పట్టాలు మార్చి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద రైలు నడిపారు. పెద్ద రైలు రావడం మంచిదే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. బండి మారకుండా దూరప్రయాణం చేయగలిగితే ఆస్పత్రికి వెళ్లే రోగికీ, పరీక్షకి వెళ్లే విద్యార్థికీ ఎంతో మేలు.

కాని ఒక సంగతి గమనించండి. ఇప్పుడు నా తరగతిలో కూర్చునే పిల్లల్లో ఒక్కరు కూడా చిన్న రైలును చూసినవాళ్లు కారు. ఒకరోజు ఏడో తరగతి పిల్లల చేత వరండాలో సుద్దముక్కతో గీతలు గీయించాను. 762 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గీతలు, పక్కనే 1,676 ఎడంతో ఇంకో రెండు. ఒక అమ్మాయి చిన్న గీతల మధ్య నిలబడి రెండు చేతులూ చాచి, "సార్, ఇంత సన్నంగా ఉంటే పడిపోదా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ రోజు పాఠం గంట దాటిపోయింది. బరువు ఎక్కడ ఉండాలి, వంపులో వేగం ఎందుకు తగ్గించాలి, కొండవారల సన్న లైను వేస్తే ఖర్చు ఎందుకు తగ్గుతుంది, అన్నీ వచ్చాయి.

ఆ అమ్మాయి తాతగారు చిన్న రైల్లో వేరుశనక్కాయలు అమ్మినాయన. నేను ఒక చిన్న స్టేషను నమూనా కట్టాలనుకుంటున్నప్పుడు ఆయన్ని వెళ్లి అడిగాను. "తాతా, మంచినీళ్ల కుండలు ఏ పక్కన ఉండేవి?" అని. ఆయన కళ్లు మూసుకుని చెప్పారు. "చింతచెట్టు కిందన బాబూ. రెండింటి బండి వచ్చీసరికి నీడ కుండల మీదన పడీది. నీళ్లు చల్లగుండీవి." ఇంజను పొడవు ఎంతో, పెట్టె ఎత్తు ఎంతో రైల్వేవారి పటాల్లో దొరుకుతుంది. నీడ ఏ వేళకి ఎక్కడ పడేదో ఏ పటంలో ఉంటుంది చెప్పండి? అది అలాంటివాళ్ల తలల్లోనే ఉంది. మనం అడగకపోతే వాళ్లతోనే వెళ్లిపోతుంది.

ఇక ఇప్పటి రైలు ప్రయాణం. నాకు కోపం తెప్పించేవి కొన్ని ఉన్నాయి, మీకూ ఉండే ఉంటాయి. బండి గంట ఆలస్యమైతే మనసు సర్దుకుంటుంది గాని, అయిదేసి నిమిషాలు చొప్పున పన్నెండుసార్లు ప్రకటిస్తే సర్దుకోదు. చెవిలో పెట్టుకునే తీగ మరిచిపోయి, తన సెల్‌ఫోను పాట పెట్టెలో అందరికీ పంచిపెట్టే దాతలు ఇంకొకరు. వేరుశనగ తొక్కలు సీటు కిందకి తోసి పైన మాత్రం శుభ్రంగా తుడుచుకునేవారు మరొకరు. ఈ సందడిలో ఒక మంచి విద్య మరుగునపడింది. ఒకప్పుడు పట్టాలు 13 మీటర్ల ముక్కలుగా ఉండి, అతుకు దగ్గర చక్రం టక్కుమనేది. 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినిపిస్తే బండి గంటకు సుమారు అన్ని కిలోమీటర్లు పోతున్నట్టు. ఇప్పుడు చాలాచోట్ల అతుకులు కలిపేసి పొడుగు పట్టాలు వేశారు. ఆ చప్పుడు తగ్గింది. అది ప్రగతే. కాని చెవి పెట్టి వినే అలవాటు కూడా దాంతోపాటు పోనక్కర్లేదు కదా.

నమూనా రైలు నేర్పేది ఆ అలవాటే. చూడడం, వినడం, కొలవడం. దానికి వేలు పోసి విదేశీ ఇంజను కొనక్కర్లేదు. నా స్టేషను గోడ పెళ్లి శుభలేఖ అట్టతో కట్టాను. స్తంభాలు అగరుబత్తి పుల్లలు. ప్లాట్‌ఫారం మట్టి, వాడేసి ఎండబెట్టిన టీపొడి. పూనే వెళ్లే వీలున్నవాళ్లు అక్కడ 1998లో తెరిచిన జోషీగారి నమూనా రైళ్ల ప్రదర్శనశాల చూడండి. వీలు లేనివాళ్లు తమ ఊరి స్టేషనునే చూడండి.

చివరగా ఒక్క విన్నపం. ఈ వారం మీకు దగ్గరలో ఉన్న స్టేషనుకి, లేదా పాత బస్టాండుకి, పాత సంతపాకకి, ఏదైనా సరే, మార్చేస్తారని మీరు అనుకుంటున్న కట్టడానికి ఒక టేపూ, గళ్ల కాగితం పుస్తకమూ పట్టుకుని వెళ్లండి. స్టేషనైతే ముందు స్టేషను మాస్టారుగారి అనుమతి తీసుకోండి. ప్లాట్‌ఫారం మీంచే పని చూసుకోండి, పట్టాల మీదకు దిగవద్దు, అది ప్రమాదమూ, చట్టరీత్యా నేరమూ. తలుపు వెడల్పు, కిటికీ ఎత్తు, బల్ల పొడవు కొలిచి రాయండి. అందకపోతే ఇటుక వరసలు లెక్కపెట్టండి. చెట్టు ఎక్కడుందో గుర్తు పెట్టండి. తేదీ వేయండి. తరువాత అక్కడ ఎక్కువకాలం గడిపిన ఒక ముసలాయన్నో ముసలమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎక్కడ ఉండేదో, ఏ వేళకి ఏ బండి వచ్చేదో అడిగి, వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే రాసుకోండి. తెలుగులో చెబితే తెలుగులో, ఒడియాలో చెబితే ఒడియాలో.

ఆ కాగితం మీదగ్గర ఉంటే, మీ మనవడు ఎప్పుడైనా అట్టముక్కలతో ఆ స్టేషను మళ్లీ కడతాడు. కిటికీ కిటికీ ఉండాల్సిన చోటే ఉంటుంది. చింతచెట్టు నీడ రెండింటికి కుండల మీదే పడుతుంది.