ప్లగ్-ఇన్ కారుకు పైసలిచ్చే ముందు

పెట్రోలుతో, చార్జింగుతో రెండిట్ల నడిచే పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు అమెరికా నుంచి దుబాయికి వస్తున్నాయి. కాంక్రీటు పోసే ముందు సెంట్రింగు చూస్తం గదా, అట్లనే పైసలిచ్చే ముందు మూడు చూడండి.

ఒకటి, 17 అక్షరాల చాసిస్ నంబరుతో పాత రికార్డు తీయించండి. ‘సాల్వేజ్’ అని ఉంటే యాక్సిడెంటులోనో వరదలోనో పాడైన బండి. రంగేస్తే డొక్కు కనపడదు, తడిసిన బ్యాటరీ బాగుపడదు.

రెండు, అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. కేబుల్ మీద 120 ఒక్కటే రాసుంటే ప్లగ్గు పెట్టొద్దు, కాలిపోవచ్చు. క్యాంపులో చార్జింగుకు ఒప్పుకోకుంటే అది ఉత్త పెట్రోలు బండే.

మూడు, ఇంటికి తీసుకపోదామనే ఆశ వద్దు. ఇండియాకు పాత కారు తేవాలంటే తయారై 3 ఏండ్లు దాటొద్దు, స్టీరింగు కుడిపక్కన ఉండాలె. ఇక్కడివి ఎడమపక్క.

అవి ఇంటికి పంపాల్సిన పైసలు. మెకానిక్‌కు చూపించకుండ అడ్వాన్సు ఇయ్యకండి.