మూడు సంచులు, మూడు అల్లికలు

ఉప్పల్, నాచారంలో స్వెటర్ చలి ఏడాదికి 2 నెలలే, ఒకేసారి 3 అల్లికలెందుకని అడుగుతుంటారు. బస్టాపులో కూర్చుంటే మఫ్లర్, చూడకుండా అల్లేయొచ్చు. డిజైన్ స్వెటర్‌కు ఇంట్లో నిశ్శబ్దం కావాలి. మూడోది పసిబిడ్డ టోపీ.

సందేహాలన్నీ వదిలి మళ్లీ పట్టుకున్నప్పుడే. 2024లో జీఐ గుర్తింపు పొందిన నర్సాపురం లేసు క్రోషే పని. కొక్కెం మీద సాధారణంగా ఒక్క కుట్టే, ఆపినా భయం లేదు. మనకేమో వరస మొత్తం సూది మీదే! అందుకే ప్రతి సంచిలో చీటీ: సూది నంబరు, వరస, ఊలు లాట్ నంబరు. లాట్ మారితే చార తెలిసిపోవచ్చు. నెలలు గడిస్తే చేతి బిగువూ మారుతుంది. 10 సెంటీమీటర్లకు కుట్లు లెక్కపెట్టి, అవసరమైతే సూది మార్చాలి.

అమెరికాలో మనవడు మాత్రం ఊలు కోసం ఆగి పెరగడు. జనవరికి స్వెటర్ సరిపోతుందా? చేతులు పొడుగ్గా అల్లి, మడత పెడుతున్నాను.