చర్చి గోడ మీద పెళ్లి నోటీసు

శోధన అనగానే మనసును అదుపులో పెట్టుకొమ్మని చెప్పి ఊరుకుంటాం. మత్తయి సువార్త 5వ అధ్యాయం మోహపు చూపును తప్పుపట్టింది. నింద చూసినవాడిదే, స్త్రీది కాదు. కానీ పవిత్రతకు సంఘం కాపలా కూడా కావాలి. శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో ఓడెక్కి ఒంటరిగా పోర్ట్ బ్లెయిర్ చేరినవాడికి ఊళ్లో భార్య ఉందో లేదో ఇక్కడెవరికి తెలుసు? 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, లైసెన్సున్న పాస్టరు పెళ్లి నోటీసును చర్చిలో అందరికీ కనబడేచోట అంటించాలి. వధూవరుల్లో ఒకరు స్వయంగా వచ్చి, ఆటంకమేదీ లేదని చెప్పాలి.

సొంత విషయాల్లో తలదూర్చడమే కదా అంటారు. కొంత నిజమే, ఆరాధన ముగిశాక గుసగుసలూ తప్పవు. అయినా దాచిపెట్టిన మొదటి పెళ్లి వల్ల నలిగిపోయేది ఇద్దరు ఆడవాళ్లు. పైగా నోటీసు ఎవరి గతాన్నీ తవ్వదు, ఆటంకం ఒక్కటే అడుగుతుంది. ఆ కాగితంతో సరిపెట్టకుండా, పాస్టరుగారు వరుడి సొంతూరి సంఘానికి ఒక ఫోన్ కూడా చేస్తే ఇంకా మంచిది.