కరెంటు బిల్లు మీద పన్ను – చిన్న వ్యాపారికి మినహాయింపు ఎక్కడ, ఎలా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభలో సాహిత్యం గురించి మాట్లాడేవాళ్ళు, సంగీతం గురించి మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నన్ను మాత్రం "మీరు పన్నుల గురించి చెప్పండి" అన్నారు. రిటైరయ్యాక పన్నుల కాగితాలు చూసే పనిలో పడ్డాను కాబట్టి తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. మనలో చాలామంది పింఛను మీద కాలక్షేపం చేయకుండా ఏదో ఒక చిన్న వ్యాపారం పెట్టుకున్నారు. పిండిమర, జిరాక్సు షాపు, టిఫిన్ సెంటరు, లాండ్రీ, టైలరింగు యూనిట్. వీళ్ళందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, కరెంటు మీద పన్ను మినహాయింపు ఉందట కదా, ఎక్కడ అప్లై చెయ్యాలి?"

ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎందుకంటే కరెంటు మీద "పన్ను" అని మనం అనేది ఒక్కటి కాదు. ముందు అది ఏ పన్నో తెలుసుకోవాలి. ఆ తరవాతే అప్లికేషను ఎవరికి రాయాలో తెలుస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే.

మొదట మనవాళ్ళలో ఉన్న ఒక నమ్మకం గురించి చెబుతాను. మాజీ సైనికుడి కార్డు చూపిస్తే కరెంటు మీద పన్ను ఉండదని కొందరు అనుకుంటారు. ఇది పూర్తిగా గాలిలోంచి పుట్టిన మాట కాదు. రాజ్యాంగంలో 287వ అధికరణం ఉంది. భారత ప్రభుత్వం వాడుకునే కరెంటు మీద గానీ, రైల్వేల నిర్మాణానికి, నిర్వహణకి, నడకకి వాడే కరెంటు మీద గానీ, పార్లమెంటు అనుమతిస్తే తప్ప, రాష్ట్రాలు పన్ను వేయకూడదని దాని సారాంశం. అంటే ఇప్పుడు విజయ్ దుర్గ్ అని పిలుస్తున్న ఫోర్ట్ విలియంలో సర్కారు పనికి వెలిగే దీపానికి రాష్ట్ర సుంకం వర్తించదు. అయితే ఆ మినహాయింపు వాడుకునే ప్రభుత్వానికి, మనిషికి కాదు. మనం గేటు దాటి బయటికొచ్చి బెహాలాలోనో దమ్‌దమ్‌లోనో దుకాణం తెరిస్తే, మనం మిగతా దుకాణదారుల్లో ఒకళ్ళం. మన క్యాంటీను సంగతీ అంతే. తాను కొనే సరుకుల మీద కట్టిన జీఎస్టీలో సగం వాపసు వచ్చేది సీఎస్‌డీ సంస్థకి. అదే సబ్బుని మన కిరాణా కొట్టు కోసం హోల్‌సేల్‌లో కొంటే ఆ వాపసు మనకి రాదు. మినహాయింపు ఎప్పుడూ ఎవరి పేరున రాశారో వాళ్ళకే.

ఇక బిల్లు దగ్గరికి వద్దాం. కలకత్తాకి కరెంటు కొత్త కాదు. 1899 ఏప్రిల్ 17న ఇమాంబాగ్ లేన్‌లోని స్టేషను నుంచి ఈ ఊరికి సరఫరా మొదలైంది. అప్పుడు మొదలుపెట్టిన కంపెనీయే, సీఈఎస్‌సీ, నేటికీ నగరానికి కరెంటు ఇస్తోంది. నగరం దాటి వెళితే రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ. బిల్లు తీసి చూడండి. ఎనర్జీ చార్జి అని ఒక వరస, ఫిక్సెడ్ లేదా డిమాండు చార్జి అని ఒకటి, మీటరు అద్దె అని ఒకటి, గవర్నమెంట్ డ్యూటీ అని ఇంకొకటి. మనవాళ్ళు కింద మొత్తం మాత్రం చూసి నిట్టూర్చి కట్టేస్తారు. ఒక్కసారి వరసవారీగా చదవండి.

ఎనర్జీ చార్జి మీద జీఎస్టీ లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన రోజు నుంచీ కరెంటు మినహాయింపు జాబితాలోనే ఉంది. పంపిణీ సంస్థ చేసే సరఫరా సేవకీ అంతే. దీనికి మీరు ఎక్కడా అప్లై చేయక్కర్లేదు. మీటరు అద్దె, కనెక్షను ఫీజుల్లాంటి వాటి మీద మాత్రం చాలాకాలం గొడవ నడిచింది. 2018 మార్చిలో వచ్చిన సర్క్యులర్ వాటికి పన్ను పడుతుందన్నది. గుజరాత్ హైకోర్టు అదే ఏడాది చివర దాన్ని కాదన్నది. చివరికి జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు మీద 2024 అక్టోబరు 10 నుంచి, పంపిణీ సంస్థలు వినియోగదారుడికి చేసే ఈ అనుబంధ సేవలకి కూడా మినహాయింపు ఇచ్చారు. ఆ తేదీ తరవాతి బిల్లులో మీటరు అద్దె మీద జీఎస్టీ కనిపిస్తే అడిగే హక్కు మీకుంది.

గవర్నమెంట్ డ్యూటీ వేరు. కరెంటు వాడకం మీద, అమ్మకం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాలకి ఇచ్చారు. ఇక్కడ దానికి ఆధారం 1935 నాటి బెంగాల్ ఎలక్ట్రిసిటీ డ్యూటీ చట్టం. కంపెనీ వసూలు చేసి రాష్ట్ర ఖజానాకి కడుతుంది. కాబట్టి దీని గురించి కంపెనీ కౌంటరులో కూర్చున్న గుమాస్తాతో వాదించి లాభం లేదు. ఆయన తగ్గించలేడు. దీని నుంచి మినహాయింపు చట్టంలోనో, ప్రభుత్వ నోటిఫికేషనులోనో ఉండాలి. పరిశ్రమలకి ప్రోత్సాహక పథకాల కింద సుంకం మాఫీ వంటి రాయితీలు ఇస్తూ వచ్చారు గానీ, పథకం అనేది ప్రభుత్వం ఇచ్చే మాట. చట్టంతో వెనక్కి తీసుకోవచ్చు. 2025లో పశ్చిమ బెంగాల్ శాసనసభ పాత ప్రోత్సాహక పథకాలని రద్దు చేస్తూ చట్టమే చేసింది. పెద్ద పెద్ద కంపెనీలే కలకత్తా హైకోర్టు మెట్లెక్కాయి. మన ఊళ్ళకి వెళ్ళి వ్యాపారం పెట్టుకుందామనుకునేవాళ్ళు కూడా గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకి విద్యుత్ సుంకం యూనిట్‌కి 6 పైసల నుంచి ఏకంగా ఒక రూపాయికి పెంచారు. అందుకని రాయితీని లెక్కలో చివర కలపండి. రాయితీ లేకపోతే నిలబడని వ్యాపారం మొదలుపెట్టకండి.

డీజిల్ జనరేటరు పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట. పెట్రోలు, డీజిలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు. వాటి మీద రాష్ట్ర అమ్మకం పన్నే నడుస్తోంది. ఇక్కడ 1994 నాటి పశ్చిమ బెంగాల్ సేల్స్ టాక్స్ చట్టం కింద. కాబట్టి జీఎస్టీలో ఉన్న దుకాణదారుడికి కూడా ఆ పన్ను వెనక్కి రాదు.

ఇప్పుడు అసలు విషయం. మన చిన్న వ్యాపారులు నిజంగా నష్టపోయేది కంపెనీ బిల్లులో కాదు, అద్దె షాపుల సబ్ మీటరు దగ్గర. మనవాళ్ళ కుటుంబమే ఒకటి. ఆయన హవల్దారుగా రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు. ఆవిడ ఒక మార్కెట్ కాంప్లెక్సులో టిఫిన్ సెంటరు నడుపుతోంది. పింఛను ఇల్లు గడవడానికి సరిపోతుంది, అమ్మాయి నర్సింగు ఫీజు మాత్రం ఆ ఇడ్లీ పొయ్యి మీదే. ఒకరోజు కాగితాలు పట్టుకొచ్చి "అన్నయ్యగారూ, ఈ నెలతో షాపు మూసేద్దామనుకుంటున్నాం. రుబ్బుడు మిషనూ ఫ్రిజ్జూ తినేస్తున్నాయి" అంది. చూశాను. తినేస్తున్నది మిషను కాదు.

కాంప్లెక్సు మొత్తానికి ఓనరు పేరున ఒకటే కనెక్షను. షాపులకి సబ్ మీటర్లు. అంకెలు గుండ్రంగా చెబుతాను. నెలకి 800 యూనిట్లు. ఓనరు యూనిట్‌కి 15 రూపాయల చొప్పున 12,000 వేశాడు. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160. మొత్తం 14,160. ఓనరుకి కంపెనీ వేసిన బిల్లుని యూనిట్ల మీద పంచితే యూనిట్‌కి 10 రూపాయల లోపే పడుతోంది. ఆవిడ అమ్మకం ఏడాదికి 20 లక్షల లోపు, అందుచేత ఆవిడ జీఎస్టీ రిజిస్ట్రేషను తీసుకోనక్కర్లేదు. రిజిస్ట్రేషను లేదు గనక కట్టిన పన్ను వెనక్కీ రాదు. అంటే పన్ను లేని కరెంటు మీద, పన్ను కట్టనక్కర్లేని మనిషి, ఏడాదికి 25,920 రూపాయల పన్ను కడుతోంది!

ఇది మోసమా అంటే, పన్ను వరకూ కాదు. కరెంటుని అద్దెతోనో మెయింటెనెన్సుతోనో కలిపి ఇస్తే అది కూడా అద్దె సేవలో భాగమే అవుతుంది, 18 శాతం పడుతుంది. 2023 అక్టోబరు 31న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 206వ నంబరు సర్క్యులర్ ఈ మాట చెప్పింది. కానీ అదే సర్క్యులర్‌లో రెండో మాట కూడా ఉంది. పంపిణీ సంస్థ తనకి వేసిన మొత్తాన్నే, పైన ఏమీ కలపకుండా, ఓనరు అద్దెదారుల దగ్గర వసూలు చేస్తే అతను 'ప్యూర్ ఏజెంటు' కింద లెక్క. అప్పుడు ఆ కరెంటు డబ్బు అతని సేవ విలువలో కలవదు, దాని మీద జీఎస్టీ ఉండదు. చూడండి, మినహాయింపు తాళం ప్రభుత్వ ఆఫీసులో లేదు, బిల్లు రాసే పద్ధతిలో ఉంది.

అందుకని మేము అప్లికేషను ఏ పన్నుల ఆఫీసుకీ పెట్టలేదు. ఓనరుకే రాశాం, ఒక్క పేజీ. అందులో నాలుగు విషయాలు: ఒకటి, కంపెనీ బిల్లు నకలు ప్రతి నెలా చూపించమని. రెండు, సబ్ మీటరు రీడింగు ఇద్దరి ఎదుట తీయాలని. మూడు, కరెంటు మొత్తాన్ని అద్దె బిల్లులో కలపకుండా, అసలు ఖర్చు ప్రకారం విడిగా చూపించాలని. నాలుగు, ఈ మేరకు అద్దె ఒప్పందంలో ఒక క్లాజు చేర్చాలని. సర్క్యులర్ నకలు జతపరిచాం. మొదటి రెండు నెలలు జవాబు లేదు. తరవాత ఆవిడే చుట్టుపక్కల షాపులవాళ్ళని, బెంగాలీవాళ్ళని, బీహారువాళ్ళని కూడగట్టింది. అందరూ సంతకాలు పెట్టారు. ఒక్క సిపాయి మాట వేరు, ప్లటూన్ మాట వేరు కదా! ఓనరు దిగివచ్చాడు. మెట్లకీ కారిడారుకీ అయ్యే కరెంటు మెయింటెనెన్సులో వేసుకుంటానన్నాడు, అది న్యాయమే. ఇప్పుడు ఆవిడ బిల్లు 8,000 లోపు వస్తోంది. షాపు నడుస్తోంది. పాత డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఎక్కువ రేటుకి ఇచ్చినప్పుడు ఆ పన్ను చెల్లేదే గనక దాని కోసం పోరాడమని నేను సలహా ఇవ్వలేదు.

ఓనరు దిగిరాకపోతే ఏం చెయ్యాలి అని మీరు అడగవచ్చు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షను ప్రకారం సొంతదారుడే కాదు, ఆ చోటులో ఉంటున్నవాడు కూడా కనెక్షనుకి దరఖాస్తు చేసుకోవచ్చు, ఇవ్వడం పంపిణీ సంస్థ బాధ్యత. గుర్తింపు కాగితం, అద్దె ఒప్పందం లేదా రసీదులు, కార్పొరేషను ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఎన్‌లిస్ట్‌మెంట్, అదే మనం ట్రేడ్ లైసెన్సు అంటాం, ఇవి సిద్ధంగా ఉంచుకోండి. సొంత మీటరు ఉంటే మధ్యలో మనిషే ఉండడు. కంపెనీతో పేచీ వస్తే దాని ఫిర్యాదుల అధికారి దగ్గరికి, అక్కడా తెమలకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళే దారి అదే చట్టం 42వ సెక్షనులో ఉంది.

పిండిమర, టైలరింగు యూనిట్ లాంటి తయారీ పనులు చేసేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. మీ కనెక్షను ఏ కేటగిరీలో ఉంది? వాణిజ్యమా, పరిశ్రమా? కేటగిరీని బట్టి రేటు మారుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం, ఎవరికీ దళారీ డబ్బు ఇవ్వకండి. ట్రేడ్ లైసెన్సులో రాసిన పని, ఉద్యమ్‌లో రాసిన పని, మీటరు దరఖాస్తులో రాసిన పని మూడూ ఒకటే అయి ఉండాలి. ఒకచోట "వ్యాపారం" అని, ఇంకోచోట "తయారీ" అని ఉంటే మీ అర్జీ అక్కడే ఆగిపోతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకీ ఈ సంగతి పనికొస్తుంది. టెక్సస్‌లో తయారీకి నేరుగా వాడే కరెంటు మీద సేల్స్ టాక్స్ ఉండదు. ఒకే మీటరు మీద తయారీ, ఆఫీసు రెండూ ఉంటే, సగానికి మించి తయారీకే వాడుతున్నామని లెక్క కట్టించి, ఆ పత్రం కరెంటు కంపెనీకి ఇవ్వాలి. అక్కడైనా ఇక్కడైనా సూత్రం ఒక్కటే: ఏ మీటరు, ఏ పని, ఎవరి పేరు.

సర్వీసులో మనకి నేర్పిన పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. స్టోర్సు వోచరు చదవకుండా సంతకం పెట్టేవాళ్ళం కాదు. కరెంటు బిల్లు కూడా వోచరే. ఇంటికెళ్ళి కిందటి మూడు నెలల బిల్లులు తీయండి. అద్దె షాపు అయితే ఓనరు బిల్లు కూడా. అర్థం కానిది ఉంటే సంఘం ఆఫీసుకి పట్టుకురండి, ఆదివారం ఉదయం నేను అక్కడే ఉంటాను. ఫీజు లేదు, టీ మాత్రం మీరే ఇప్పించాలి.

 

జై హింద్.