బడి ముగిసిన బిడ్డకు పగటి పని
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినదని తేల్చింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. మన సభ్యుల ఇళ్ళలో కొందరికి బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న బిడ్డలు, మనుమలు ఉన్నారు. చిన్నతనంలో వారికి ఏదో ఒక బడి, మండలంలో భవిత కేంద్రం ఉంటాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ఉచిత విద్యను 6 నుండి 18 ఏళ్ళ వరకు అన్నది. ఆ తరువాత పొద్దున తొమ్మిది నుండి సాయంత్రం అయిదు దాకా ఆ బిడ్డ ఇంట్లో ఏమి చేయాలి? దీని మీద మాట్లాడమన్నారు.

నన్నే ఎందుకు అడిగారంటే, మా చిన్నమ్మాయి అటువంటిది. హైదరాబాదులో మా తోడల్లుని ఇంట ఉండి ప్రత్యేక పాఠశాలలో చదివి, 2007లో 18 ఏళ్ళు నిండాక వికారాబాదుకు తిరిగి వచ్చింది. వచ్చిన మొదటి వారం రోజూ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని గడపలో నిలబడేది. బడి అయిపోయిందని ఆమెకు ఎట్లా చెప్పాలి? నేను కచేరికి పోయేవాణ్ణి. మా శ్రీమతి ఒక్కతే చూసుకునేది. 2010లో పదవీ విరమణ చేశాక నేనూ ఆ పనిలో చేరాను.

చాలామంది "టీవీ పెడితే చాలు, కూర్చుంటాడు" అంటారు. కూర్చుంటాడు నిజమే. రెండేళ్ళు అట్లా కూర్చుంటే బడిలో నేర్చుకున్న గుండీలు పెట్టుకోవడం కూడా మరచిపోతాడు, ఒళ్ళు వస్తుంది, రాత్రి నిద్ర పట్టదు, కోపం పెరుగుతుంది. రంగుల పుస్తకాలు, పూసలు గుచ్చడం కొంతవరకు మంచివే. కానీ గుచ్చిన పూసలను సాయంత్రం మనమే విప్పి మళ్ళీ డబ్బాలో పోస్తే, ఆ పని ఎవరికీ అక్కరలేదని బిడ్డకు తెలిసిపోతుంది. బుద్ధి తక్కువైనా అది మాత్రం తెలుస్తుంది. నా అభిప్రాయం ఒక్కటే. ఇంట్లో ఎవరో ఒకరికి నిజంగా కావలసిన పని ఇవ్వాలి, రోజూ అదే వేళకు ఇవ్వాలి.

మా ఇంట్లో ఆ పని మోదుగాకు విస్తర్లు. అనంతగిరి వైపు నుండి ఆకు కట్టలు తెచ్చేవారి దగ్గర కొంటాం. ఆకులు తుడవడం, పెద్దవి ఒక దిక్కు, చిన్నవి ఒక దిక్కు పేర్చడం ఆమె పని. పుల్లలతో కుట్టడం నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. పది విస్తర్లయితే కట్ట కట్టాలి. ఆమెకు లెక్క రాదు. పది గళ్ళు గీసిన పలక ఇచ్చాం. విస్తరికొక చింతగింజ పెడుతుంది, గళ్ళన్నీ నిండితే కట్ట. వాడకట్టులో వ్రతమైనా, సంవత్సరీకమైనా మా ఇంటికే వస్తారు. డబ్బు ఆమె చేతికే ఇవ్వమంటాను. నోటుకన్నా పది రూపాయల బిళ్ళంటే ఇష్టం.

నేర్పే పద్ధతి గురించి ఒక మాట. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. అప్పుడు మానసిక వికలాంగుల సంస్థ అనేవారు, ఇప్పుడు మేధోవైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థ అంటున్నారు. పేరు గౌరవంగా మారింది, సంతోషమే. అక్కడివంటి చోట్ల శిక్షణ పొందిన టీచర్లు పనిని ముక్కలు చేసి, చివరి ముక్కతో మొదలుపెట్టి నేర్పుతారు. దుప్పటి మడతలో మొదటి మడతలన్నీ నేను వేస్తాను, ఆఖరి మడత బిడ్డ వేస్తుంది. అది వచ్చాక ఆఖరి రెండూ ఆమెవే. ఇట్లా వెనుక నుండి ముందుకు వస్తాం. ముందు నుండి నేర్పితే మధ్యలో చిక్కుకుని వదిలేస్తారు. ఇట్లా అయితే పని ఎప్పుడూ బిడ్డ చేతిలోనే పూర్తవుతుంది. ఇది గొప్ప కిటుకు, మామూలు పిల్లలకూ పనికివస్తుంది.

గోడకు ఒక అట్ట తగిలించాం. స్నానం, ఇడ్లీ, ఆకు కట్ట, భోజనం, పడక, తులసికోట. బొమ్మలు వరుసగా అతికించి ఉంటాయి. పని కాగానే బొమ్మ మీద బట్టలకు పెట్టే క్లిప్పు జరుపుతుంది. గుమాస్తా ఇల్లు కదా, హాజరు రిజిస్టరు కూడా పెట్టాను. పొద్దున తన గడిలో టిక్కు పెట్టనిదే పనిలోకి దిగదు. ఆదివారం సెలవు ఒప్పుకుంటుంది, రెండో శనివారం మాత్రం ఒప్పుకోదు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అటువంటి ఉద్యోగిని చూడలేదు.

తాండూరులో మా మిత్రుని కొడుకు సంగతి చెప్పాలి. అక్కడ ఎటు చూసినా నాపరాయి కోత, పాలిష్ యూనిట్లే. "అందులో ఏదన్నా పని" అని బంధువులు అన్నారట. ఆయన ఒప్పుకోలేదు, మంచి పని చేశాడు. ఆ దుమ్ములో, తిరిగే రంపాల మధ్య ఇటువంటి బిడ్డను నిలబెట్టరాదు. తాండూరుకు బండతోపాటు కంది కూడా ఉన్నది గదా. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కంది. పక్కనున్న కిరాణా షాపు నుండి పప్పు తెచ్చి, అబ్బాయి చేటలో పోసి రాళ్ళు, పొల్లు ఏరుతాడు. తరువాత కిలో సంచులు కడతాడు. కాటా యంత్రంలో అంకెలు చదవలేడు. వాళ్ళ నాయన పాత త్రాసు తెచ్చి ఇచ్చాడు. ఒక తట్టలో కిలో రాయి, రెండో తట్టలో పప్పు. ముల్లు నిలువుగా నిలిచేదాకా పోస్తాడు, అంతే. ఒక్క పలుకు ఎక్కువైనా తీసేస్తాడని షాపాయన నవ్వుతాడు.

అయితే ఫిట్సు ఉన్నవారికి పొయ్యి దగ్గర, బావి దగ్గర పని ఇవ్వకండి. ఏ పనికైనా గంటకు మించి కూర్చోబెట్టకండి. విసుగు ఎవరికైనా విసుగే.

ఇదంతా మనం ఉన్నన్నాళ్ళు. నాకు డెబ్బై దాటాయి, మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు. రాత్రి దీపం ఆర్పాక ఇద్దరమూ ఆలోచించేది ఒక్కటే, నోటితో మాత్రం అనుకోము.

కాబట్టి ఫైలు సంగతి. మన సవరించిన పింఛను నియమాలు, 1980లో కుటుంబ పింఛనుది 50వ నియమం. మానసిక లేదా శారీరక వైకల్యం వల్ల బతుకుతెరువు సంపాదించుకోలేని కొడుకు గాని, కూతురు గాని ఉంటే, మనమూ మన భార్య లేక భర్త పోయిన తరువాత ఆ బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ప్రభుత్వ వైద్యుల ధృవపత్రం కావాలి. ఇది కొడుకు, కూతుళ్ళకే, మనుమలకు కాదు. తాతలు గమనించగలరు. రెండోది సంరక్షకత్వం. 18 నిండితే చట్టం దృష్టిలో బిడ్డ మేజరు, తల్లిదండ్రులు కూడా దానంతటదే సంరక్షకులు కారు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికి అది వర్తిస్తుంది. ఈ రెండు పనులూ మనం నడవగలిగినప్పుడే చేసుకోవాలి. కాలు చెయ్యి పడిపోయాక కౌంటరు దగ్గర నిలబడేదెవరు?

ఆ ఫైల్లో నేను ఇంకొక కాగితం కూడా పెట్టాను. దానికి ఏ నియమం కింద అవసరం లేదు. మా పెద్దబ్బాయికి, కోడలికి రాసింది. ఆమె ఎన్ని గంటలకు లేస్తుంది, మాత్ర దేనితో ఇస్తే మింగుతుంది, ఉరుము వస్తే ఎక్కడ దాక్కుంటుంది, విస్తరాకులు ఎవరి దగ్గర కొనాలి, రిజిస్టరు అయిపోతే కొత్తది ఏ షాపులో దొరుకుతుంది. రెండు పేజీలు వచ్చింది. ఏడాదికోసారి తిరగరాస్తున్నాను.

దాని నమూనా, పింఛను దరఖాస్తు నకళ్ళు తెచ్చాను, బల్ల మీద పెడతాను. తాండూరు వారికి బండి టైము అవుతున్నది కనుక ముందు వారు తీసుకోగలరు.