చర్చాగోష్ఠులను చదువుటకు తగిన సాధనము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



గ్రంథాలయమునకు పుస్తకము కొరకు వచ్చువారు కొందరు. నలుగురి మాట వినుటకు వచ్చువారు మరికొందరు. ఉప్పలు దాటి వరంగల్లు బాటనున్న మన మేడిపల్లికి రచ్చబండ కొత్త కాదు. కంప్యూటరు తెరపై నడచు రచ్చబండలును కలవు. వానిని చదువుటకు ఎట్టి ప్రోగ్రామును ఎన్నుకొనవలెనో నేడు మనవి చేసెదను.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులగు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో యూజ్‌నెట్‌ను తలపెట్టిరి. అందు వ్రాసిన జాబు ఒక్కచోటనే యుండదు. ఒక సర్వరునుండి మరొక సర్వరునకు ప్రతులుగా సాగిపోవును. 1990ల తొలి సంవత్సరములలో విదేశములందలి తెలుగువారు ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అను గోష్ఠిలో కలిసికొనుచుండిరి. ఆనాడు తెరపై తెలుగు లిపి దుర్లభము. కావున రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ననుసరించి ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాసికొనిరి. లిపి లేకున్నను మాట నిలిచినది.

ఇక ప్రోగ్రామును ఎంచుటకు నాలుగు పరీక్షలు చాలును.

మొదటిది: ప్రశ్నను, దానికి వచ్చిన జవాబులను ఒక దండగా కూర్చి చూపవలెను. లేనిచో ఎవరు ఎవరికి బదులు చెప్పుచున్నారో తెలియదు. రెండవది: పనికిమాలిన జాబులను పక్కకు నెట్టు వసతి యుండవలెను. 1984లో లారీ వాల్ వ్రాసిన ‘ఆర్.ఎన్.’ ప్రోగ్రాములోనే ఈ వసతి కలదు. మూడవది: తెలుగు గుణింతములు, ఒత్తులు చెదరక కనబడవలెను, అందుకు యూనికోడ్ తెలిసిన ప్రోగ్రాము కావలెను. నాలుగవది, ముఖ్యమైనది: చదివిన జాబులను మన యంత్రములోనే భద్రపరచుకొన వీలుండవలెను.

నాలుగవదానిని ముఖ్యమనుటకు కారణము కలదు. సర్వర్లు పాత జాబులను కొంతకాలమునకు తొలగించుట పరిపాటి. తెలుగువారి ‘రచ్చబండ’ వంటి గోష్ఠులకు ఆశ్రయమైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతబడినది. గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుండి యూజ్‌నెట్ కొత్త జాబులను స్వీకరించుట మానినది. పాతవి మాత్రము చూడవచ్చును. పరుల గాదెలో పోసిన ధాన్యము మనది కాదు.

ఉచితముగా లభించు థండర్‌బర్డ్ ఈ నాలుగు పరీక్షలకును నిలుచును. దానికన్న మేలైనది దొరికిన దానినే వాడుడు. నాకు పంతము లేదు. అయితే ఒక్క నియమము: బహిరంగ గోష్ఠి వేరు, సభ్యులకే పరిమితమైన గోష్ఠి వేరు. రెండవదానిలోని జాబును వ్రాసినవారి అనుమతి లేక పదిమందికి చూపరాదు.

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసినది. పుస్తకము ఒకరి పెట్టెలో నుండక పదిమంది చేతులలో నుండవలెనన్నదే గ్రంథాలయ ధర్మము. మన పిల్లలు దూరదేశములనుండి వ్రాసికొన్న మాటలకును ఆ ధర్మమే వర్తించును. మీ యిండ్లలో అట్టి పాత జాబులున్నచో, అనుమతి గలవాని ప్రతి నొకదానిని ఈ గ్రంథాలయమునకు ఇండు. మరియొక పాతికేండ్లకు చదువువారికి అవి దక్కును.

సెలవు.